అర నిమిషం వెనక

ఆరో నంబరు మంచం మీది ముసలామెను ఎడమ పక్కకు తిప్పి, నడుము కింద నుంచి తడిసిన షీటును మేబెల్ లాగుతున్నప్పుడు కోటు జేబులో ఫోను మోగింది. చేతులకు గ్లవుజులున్నాయి. మోగితే మోగనీ అనుకుంది. ఒక చేత్తో ముసలామె భుజాన్ని ఆనించి పట్టుకుని, రెండో చేత్తో వీపంతా తడిగుడ్డతో తుడిచింది. తుంటి దగ్గర చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. రాత్రంతా ఈమెను ఎవరూ పక్కకు తిప్పలేదన్నమాట.

"మంచం చుట్టూ కూసోని ఫోన్లు చూస్తరు. ఒక్కసారి పక్కకు తిప్పనీకి మాత్రం ఎవరికీ చేతులు రావు," అంది, గదంతా వినబడేటట్టు. స్టూలు మీద కూర్చున్న ముసలామె అల్లుడు తల ఎత్తి చూసి, మళ్ళీ ఫోనులోకి దించుకున్నాడు.

ఆ నర్సింగ్ హోములో మేబెల్ నోటికి నర్సులు కూడా కాస్త దూరంగానే ఉంటారు. పొట్టి మనిషి. వెడల్పు భుజాలు, మగవాళ్ళ లాంటి మణికట్లు. ఎడమ మోకాలు కొంచెం బయటికి వంగి ఉండడం వల్ల నడిచేటప్పుడు ఒక పక్కకు ఒరుగుతుంది. అరవైకి దగ్గర పడుతున్నా ఎంత బరువైన రోగినైనా ఒక్కతే తిప్పుతుంది. ఇంకో ఆయమ్మ సాయం కావాలంటే ఆమె వచ్చేదాకా ఎదురుచూడాలి. ఎదురుచూడడం మేబెల్‌కు చేతకాదు.

ఫోను మళ్ళీ మోగింది. గ్లవుజులు విప్పి చూసింది. కొడుకు ఆషర్.

"మమ్మీ, డిష్ రిమోట్ యాడ పెట్టినవ్?"

"ఎందుకు?"

"డిష్ ఆయన ఒచ్చిండు. డబ్బా, రిమోట్ రెండూ వాపస్ ఇయ్యాల్నంట."

"వాపస్ ఎందుకు ఇస్తున్నవ్ రా?"

"కనెక్షన్ తీసేపిస్తున్న. చెప్పిన గద ఆదివారం."

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అన్నం దగ్గర వాడేదో చెప్పాడు. చెప్పింది వాళ్ళ నాన్న రిచర్డ్‌కు. మేబెల్ అప్పుడు కోడికూర వడ్డిస్తోంది. దాన్ని చెప్పడం అనరు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే ఆమె అక్కడ నిలబడి ఉంది, అంతే.

"నేనొచ్చేదాక ఆపు. ఇయ్యాల మ్యాచ్ ఉంది."

"ఏం మ్యాచ్? ఇయ్యాల ఇండియా మ్యాచ్ లేదు గద."

"హాకీ."

"ఓ, హాకీనా. అది సుత యాప్‌ల ఒస్తది మమ్మీ. నువ్వు ఒచ్చినంక నేను పెట్టి ఇస్తా. పరేషాన్ గాకు." ఫోను పెట్టేశాడు.

మేబెల్ తడిసిన షీట్లను బకెట్లో పడేసిన చప్పుడుకు పక్క మంచం మనిషి ఉలిక్కిపడ్డాడు. ఇండియా మ్యాచ్ లేదు గద! నీలం బట్టలు వేసుకుని, గుండెల మీద దేశం పేరు రాసుకుని, బెల్జియం మీద ఆడబోయే ఆ ఆడపిల్లలు ఏ దేశం వాళ్ళని వీడి లెక్క? డ్యూటీ అయ్యేదాకా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

మౌలాలి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా ఆ కోపం తగ్గలేదు.

వాళ్ళింట్లో ఆటల మనిషంటే రిచర్డ్. రైల్వే వ్యాగన్ షాపులో రిటైరయ్యాక అతను సోఫాలోనే ఉంటాడు. క్రికెట్ మొదలైతే ఇల్లంతా మెల్లగా మాట్లాడాలి. రెండో ఇన్నింగ్స్ వచ్చేసరికి నోరు తెరిచి నిద్రపోతాడు. అయినా పుట్టినరోజుకు జెర్సీ కొనేది అతనికే. చుట్టాలొస్తే స్కోరు అడిగేది అతన్నే. మేబెల్ డ్యూటీ నుంచి వచ్చి, దివాన్ అంచు మీద ఒక కాలు మడిచి, ఫోను చెవికి పెట్టుకుని హాకీ చూస్తుంటే మాత్రం, మమ్మీ ఎవరితోనో ముచ్చట పెడుతోంది, టీవీ ఊరికే నడుస్తోంది అనుకుంటారు. ఇన్నేళ్ళుగా వాళ్ళకు కనిపించింది అదే.

ఫోనుకు అవతల ఉండేది కల్పలత.

ఇద్దరూ సికింద్రాబాదులో ఒకే ఆడపిల్లల బడిలో చదివారు. బడి హాకీ జట్టులో మేబెల్ లెఫ్ట్ హాఫ్, కల్పలత గోల్ కీపర్. చివరి ఏడాది రైల్వే వాళ్ళు సెలక్షన్స్ పెడితే ఇద్దరూ వెళ్ళారు. కల్పలతను తీసుకున్నారు. మేబెల్‌ను పొట్టి అన్నారు. తాను గొప్ప ఆటగత్తెను కానని మేబెల్‌కు తెలుసు. కానీ ఆ రోజు బాగా ఆడింది. అదీ ఆమెకు తెలుసు. కల్పలతకు రైల్వే జట్టు, ఆ తర్వాత బుకింగ్ కౌంటర్లో ఉద్యోగం వచ్చాయి. మేబెల్‌కు పెళ్ళి, ఆషర్, బెడ్‌పాన్లు వచ్చాయి. చాలా ఏళ్ళు ఆమె కల్పలతతో మాట్లాడలేదు. బజారులో ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేది.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఫోను వచ్చింది. నంబరు ఎవరిచ్చారో తెలియదు. హలో లేదు, ఎట్లున్నవ్ లేదు. "ఏయ్ మేబెల్, హాకీ చూస్తున్నవా? ఆ లెఫ్ట్ హాఫ్ పిల్లను చూడు. అచ్చం నీ లెక్కనే. ముందుకు ఉరుకుడే గానీ వెనకకు ఒచ్చుడు లేదు."

"నువ్వు బంతిని చూసి కండ్లు మూసుకుంటుంటివి. నువ్వా నాకు చెప్పేది?" అంది మేబెల్.

అప్పటి నుంచి ప్రతి మ్యాచూ అట్లాగే. సీతాఫల్‌మండిలో కల్పలత టీవీ, మౌలాలిలో మేబెల్ టీవీ. రెండిళ్ళ మీదా డిష్‌లే. బొమ్మ రెండు చోట్లా ఒకేసారి కదిలేది. ఇద్దరూ ఒకేసారి అరిచేవాళ్ళు. అంపైర్‌ను ఒకే బూతు, ఒకే క్షణంలో తిట్టేవాళ్ళు. కల్పలతకు కిడ్నీలు పోయి, గడువుకు ముందే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, డయాలసిస్ మొదలయ్యాక మేబెల్ కొన్నాళ్ళు తోడు వెళ్ళింది. తర్వాత డ్యూటీలు కుదరలేదు. "దవాఖానకు పోతున్నవా?" అని అడిగితే "ఆఁ" అనేది కల్పలత. ఆ మాట అయ్యీ అవకముందే మ్యాచ్ మొదలయ్యేది. ప్రతి మ్యాచ్‌కూ చెవిలో ఉన్న మనిషి ఇంటికి వెళ్ళి చూడాలన్న తొందర ఎవరికుంటుంది?

బస్సు దిగి సందులోకి తిరగగానే మేబెల్ తల ఎత్తి చూసింది. డాబా పిట్టగోడ మీద డిష్ లేదు. ఇనుప కాలు ఉన్న చోట నాలుగు బోల్టుల తుప్పు మరకలున్నాయి. కోసేసిన కేబులు గోడ వెంట వేలాడుతోంది.

మెట్లు ఎక్కుతుంటే మోకాలు కలుక్కుమంది. ఆగలేదు.

"ఏం చెప్పిన రా నీకు?"

ఆషర్ దివాన్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. కొత్త రిమోట్ చేతిలో పట్టుకుని నవ్వుతూ లేచాడు. "ఆ డిష్ ఆయన మళ్ళ ఒస్తడో రాడో మమ్మీ. అందుకే పని చేపిచ్చిన. ఇది చూడు, బొమ్మ ఎంత మంచిగుందో."

"నేనొచ్చేదాక ఆపుమన్ననా లేదా?"

"జెర ఇను. వాన పడితే డిష్‌ల బొమ్మ రాదు. నువ్వే తిడ్తుంటివి గద? స్పోర్ట్స్ చానళ్ళు కావాలంటే మళ్ళ వేరే ప్యాక్. కొన్ని మ్యాచులు చానళ్ళల్ల ఒస్తనే లేవు, యాప్‌లనే ఒస్తున్నయ్. వైఫైకి ఎట్లయినా కడ్తున్నం, ఒకటే దానికి రెండు తాన్ల కట్టుడెందుకు? ఇంట్ల ఆటలు చూసేది డాడీ ఒక్కడే. డాడీని అడిగిన, సరే అన్నడు. నీ సీరియల్స్ సుత దీంట్ల ఎప్పుడంటే అప్పుడు..."

"నా సీరియల్సా?"

మేబెల్ గొంతు పెరగలేదు. తగ్గింది. సోఫాలో రిచర్డ్ ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీశాడు.

"ఏ సీరియల్ రా? ఒక్క పేరు చెప్పు."

ఆషర్ నోరు తెరిచాడు. తండ్రి వైపు చూశాడు.

"ఆషర్ డాడీ, నువ్వు చెప్పు. నేను చూసే సీరియల్ పేరేంది?"

"పిల్లగాడు మంచికే చేసిండు మేబెల్," అన్నాడు రిచర్డ్.

"పేరు చెప్పమన్న."

ఆషర్ చెప్పిన దాంట్లో ఒక్క మాటా అబద్ధం కాదు. వాన నిజం, ప్యాక్ నిజం, వైఫై నిజం. అబద్ధమైతే చెంప మీద ఒకటి ఇచ్చి ఉండేది. అన్నీ సరిగ్గా లెక్క వేశాడు. ఆ లెక్కలో ఆమె ఒక్కతే లేదు.

"మ్యాచ్ పెట్టు," అంది.

బొమ్మ నిజంగానే బాగుంది. నీలం మైదానం మీద చల్లిన నీళ్ళు కూడా తళతళలాడుతున్నాయి. మేబెల్ కోటు విప్పకుండానే దివాన్ అంచున కూర్చుని, కాలు మడిచి, కల్పలతకు ఫోను కలిపింది.

"ఇయ్యాల లేట్ చేసినవేందే?" అంది కల్పలత.

"ఇంట్ల లొల్లి. తర్వాత చెప్తా."

కాసేపు ఏమీ తెలియలేదు. ఇద్దరూ ఎప్పటిలాగే గొణుక్కుంటూ చూశారు. తెర మీద మన పిల్ల ఒకతె సగం గీత దగ్గర బంతి ఆపి, ఎవరికి ఇవ్వాలా అని చూస్తోంది. సరిగ్గా అప్పుడు కల్పలత "అయ్యో! పాయె!" అంది.

"ఏం పాయె?"

"గోల్ పడ్డది గదనే! కాళ్ళ సందుల నుంచి పోయింది. చూస్త లేవా?"

తెర మీద ఆ పిల్ల ఇంకా బంతి పట్టుకునే ఉంది. తర్వాత ఎవరో బంతి గుంజుకున్నారు. బెల్జియం వాళ్ళు ఇటు పరుగెత్తారు. మన పిల్లలు వెనక్కి పరుగెత్తుకొచ్చి గోలు ముందు అడ్డంగా నిలబడ్డారు, దీన్ని ఎట్లాగైనా ఆపాలని. మేబెల్‌కు వాళ్ళను చూడబుద్ధి కాలేదు. బంతి కల్పలత చెప్పినట్టే కాళ్ళ సందుల్లోంచి పోయింది. చెవిలో కల్పలత అప్పటికే ఇంకో సంగతి మాట్లాడుతోంది.

"ఇది వెనక ఒస్తుంది," అంది మేబెల్.

"అర నిమిషమే మమ్మీ," అన్నాడు ఆషర్. "నెట్ మీద ఒస్తది గద, జెర డిలే ఉంటది. ఏం ఫరక్ పడ్తది? గోల్ అయితే గోలే."

మేబెల్ కొడుకు ముఖం వంక చూసింది. ఏమైనా అంటే ఏం అంటుందో ఆమెకే భయం వేసింది. లేచి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, సంచీ భుజాన వేసుకుంది.

"కల్పా, మావోడు డిష్ పీకేపిచ్చిండు. నేను ఒస్తున్న."

"యాడికి?"

"నీ ఇంటికి. ఇంకేడికి?"

"ఇప్పుడెందుకే? ఆటో దొరకదు. ఇంకో మ్యాచ్‌కు రారాదు?"

"ఒస్తున్నంటే ఒస్తున్న."

వెనక నుంచి రిచర్డ్ "అన్నం తిని పో మేబెల్" అన్నాడు. ఆమె తలుపును గట్టిగానే వేసింది.

ఆటోలో ఫోను చెవి నుంచి తీయలేదు. "నువ్వు చూసింది చూసినట్టు చెప్పు," అని కల్పలతకు హుకుం వేసింది. కల్పలత చెప్పింది. రైట్ నుంచి ఒస్తున్నరు, ఇచ్చింది, దొరకలే, మళ్ళ మనదే. మొదట్లో బాగానే చెప్పింది. రాను రాను మాటకూ మాటకూ మధ్య ఎడం వస్తోంది.

"సరిగ్గ చెప్పు. ఖరాబైన రేడియో లెక్క చెప్తున్నవేంది?"

"చెప్తున్న గదనే."

"మ్యాచా మేడం?" ఆటోవాలా అద్దంలోంచి అడిగాడు. "క్రికెట్ లేదు గద ఇయ్యాల."

"నువ్వు రోడ్డు చూసి నడుపు."

చిలకలగూడ వైపు ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు చెవిలో చాలా మెల్లగా "గోల్" అని వినిపించింది.

"ఎవరిది?"

"మనదే."

"మనదైతే అరవ్వేందే?"

"అరిచిన," అంది కల్పలత.

సీతాఫల్‌మండిలో ఆ ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. కింద కల్పలత తమ్ముడి వడ్రంగి షెడ్డు, అతని పేరు బ్రహ్మచారి. పైన ఒక గదిలో కల్పలత ఉంటుంది. మేబెల్ దిగేసరికి బ్రహ్మచారి తలుపు చెక్కకు రంద పడుతున్నాడు. ఆమెను చూసి లేచాడు. ఏదో చెప్పబోయి, చేతులకంటిన టేకు పొట్టు దులుపుకుంటూ "అక్క పైన ఉన్నది" అన్నాడు. మెట్ల మీద అతని భార్య వసుధ ఎదురైంది. "మీరొచ్చింది మంచిగైంది అక్కా. మేం చెప్తే వింట లేదు," అంది.

ఏం వినట్లేదో అడగడానికి మేబెల్ ఆగలేదు. మ్యాచ్ నడుస్తోంది.

గుమ్మంలో మాత్రం ఆగిపోయింది.

బడిలో కల్పలత చేతులు చాచి నిలబడితే గోల్లో సగం కనబడేది కాదు. అంత పొడవైన మనిషి. ఇప్పుడు మంచం మీద దిండ్లకు ఆనుకుని, ముఖమంతా ఉబ్బి, కళ్ళు సన్నని గీతల్లా ఉంది. చర్మం బూడిద రంగుకు తిరిగింది. పాదాలు దిండ్ల లాగే ఉన్నాయి. గదిలో ఒక వాసన ఉంది. మేబెల్ ఆ వాసనను రోజూ పీలుస్తుంది. అదేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

దగ్గరకు వెళ్ళి, మాట్లాడకుండా, కల్పలత కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. అట్లాగే ఉండిపోయింది.

"ఎన్నడు పోయినవ్ డయాలసిస్‌కు?"

"కూసో. హాఫ్ టైమ్ అయితుంది."

"ఎన్నడు పోయినవ్ అంటున్న."

"పోత లేను."

"ఎవరాపిండ్రు? నీ తమ్ముడా?" మేబెల్ తలుపు వైపు తిరిగింది, కిందికి వెళ్ళి బ్రహ్మచారి గల్లా పట్టుకునేటట్టు.

"వాన్ని ఏమనకు. వాడు నా కాళ్ళు పట్టుకోని ఏడ్చిండు. నేనే ఒద్దన్న."

"మరి నాకెందుకు చెప్పలే? మొన్న మ్యాచ్‌ల అడిగిన. పోతున్న అంటివి. దానికి ముందు మ్యాచ్‌ల అడిగిన. పోతున్న అంటివి. అబద్ధాలాడ్తవా నాతోని?"

"చెప్తే ఏం చేస్తుంటివి?"

"రెక్క పట్టి గుంజుకపోతుంటి."

"అందుకే చెప్పలే."

మేబెల్‌కు ఆమెను కొట్టాలనిపించింది. నిజంగానే చెయ్యి లేచింది. ఆ చేత్తోనే సంచీలోంచి ఫోను తీసింది. "అంబులెన్స్ పిలుస్తున్న. లే."

"పిలువు. నేను ఎక్క." కల్పలత గొంతులో కోపం లేదు. ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటోంది. "ఒద్దన్నోళ్ళను మంచానికి కట్టి, సూదులు గుచ్చుడు నువ్వు చూసినవ్ గద మేబెల్. కట్టినవ్ సుత."

మేబెల్ కట్టింది. గాజుగుడ్డతో, మణికట్లకు, చాలామందికి. కట్టేటప్పుడు వాళ్ళ ముఖం చూడకుండా ఉండేందుకు ఆమె ఒక్కతికే తెలిసిన పద్ధతి ఒకటుంది.

"పొద్దుగాల పోయి పండుకునుడు, ఇంటికొచ్చి మళ్ళ పండుకునుడు. సాలైంది," అంది కల్పలత. "మ్యాచ్ ఉన్న దినం సుత ఆ దవాఖానలనే. ఆ మంచం కాడ టీవీల ఎప్పుడు చూసినా వార్తలే."

"మ్యాచ్ అయినంక పోవాలె. నేనే తీస్కపోత. సరేనా?"

"మ్యాచ్ అయినంక చూద్దాం."

"చూద్దాం కాదు."

"నోర్ముయ్యే. కార్నర్ ఒచ్చింది చూడు."

ఆ కార్నర్ వృథా అయింది. హాఫ్ టైమ్ విజిల్ వేశారు. కల్పలత దిండు కింద చెయ్యి పెట్టి ఒక బత్తాయి తీసింది.

"యాడిది? నీకు పండ్లు తినొద్దన్నరు గదనే!"

"నీకు ఒద్దన్నరా? హాఫ్ టైమ్ గద. బడిల తిన్నట్టు తిను."

ఉబ్బిన వేళ్ళతో తొక్క వలవడానికి చాలాసేపు పట్టింది. మేబెల్ తీసుకోబోతే ఆ చేతిని తోసేసింది. తొక్క ముక్కలు ముక్కలుగా దుప్పటి మీద పడ్డాయి. తొనల మీది తెల్లటి పీచును కల్పలత ఒక్కొక్కటే గిల్లి తీసింది. రెండుగా విడదీసి, సగం మేబెల్ చేతిలో పెట్టి, సగం మంచం పక్క స్టీలు పళ్ళెంలో పెట్టుకుంది.

"నాది మ్యాచ్ అయినంక."

మేబెల్ తింది. పుల్లగా ఉంది. కోపంతో నములుతుంటే రసం గదవ మీదికి కారింది. "చేతికొచ్చింది ఏరకుండ తెచ్చినట్టున్నరు," అంది. కల్పలత నవ్వబోయింది. దగ్గు వచ్చింది.

మూడో క్వార్టర్ మొదలైంది. మేబెల్ మంచం మీదికెక్కి కూర్చుని, కల్పలత పాదాలను ఒడిలోకి తీసుకుంది. చేతులు వాటంతటవే పిసకసాగాయి. ఇన్ని మ్యాచులు కలిసి చూసి, ఒకే టీవీ ముందు కూర్చోవడం వాళ్ళకిదే మొదలు. గోడ అవతల రైలు పోతుంటే తెర సన్నగా వణికింది. అంపైర్ మనకు రావాల్సిన ఫౌల్ ఇవ్వలేదు. మేబెల్ తిట్టిన తిట్టు కింద షెడ్డులోకి వినబడి ఉంటుంది. కల్పలత అదే తిట్టును ఆమె వెనకనే, మెల్లగా అంది. బెల్జియం వాళ్ళు రెండో గోల్ కొట్టారు.

"ఆ లెఫ్ట్ హాఫ్ పిల్ల," అంది కల్పలత. "వెనకకొస్తుందే. నీ లెక్క కాదు."

"నేను సుత ఒస్తుంటి. నువ్వు కండ్లు మూసుకుంటుంటివి, నీకేం కనబడ్తది?"

"సెలక్షన్ల దినం మంచిగ ఆడినవ్."

మేబెల్ చేతులు ఆగాయి. తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "ఇప్పుడు చెప్తవా ఆ ముచ్చట? ఇప్పుడా? అప్పుడు ఆ సెలక్షన్ సారుకు చెప్పకపోతివి."

మేబెల్ మళ్ళీ పాదాలు పిసకసాగింది, అవసరమైన దానికంటే గట్టిగా.

నాలుగో క్వార్టర్ సగం దాటింది. మన పిల్లలు అలిసిపోయి కూడా పరుగెత్తుతున్నారు. బంతి దొరికినప్పుడల్లా మేబెల్ దాని వెంట ముందుకు వంగుతోంది. ఇంక కొన్ని నిమిషాలే ఉందనగా మన కోచ్ చెయ్యి ఊపాడు. గోల్ కీపర్ కాళ్ళకున్న బరువైన ప్యాడ్లతో దబదబా పరుగెత్తుకుంటూ మైదానం బయటికి వచ్చేసింది. ఆమె బదులు ఇంకో ఫార్వర్డ్ పిల్ల లోపలికి పోయింది.

"చూడవే కల్పా, గోలీని తీసేసిండ్రు! గోల్ ఖాళీగ ఇడిసిపెట్టి ఆడ్తరంట."

ఆ మాటకు ఏ గోల్ కీపరైనా కోచ్ ఏడు తరాలను తిడుతుంది. మేబెల్ ఆ తిట్టు కోసం ఆగింది.

తెర మీద అందరూ అటు చివర ఉన్నారు. ఇటు గోల్లో ఎవరూ లేరు.

"ఏమే?"

ఒడిలోని పాదాలు ఇందాకటి లాగే వెచ్చగా ఉన్నాయి. కానీ బరువు మారింది. రోజూ మనుషులను ఎత్తి దించే చేతులవి. వాటికి తెలిసింది. మేబెల్ వెంటనే తల తిప్పలేదు. ఆట అయిపోయేదాకా తెర వంకే చూస్తూ, ఆ పాదాలను అట్లాగే పట్టుకుని కూర్చుంది. మనవాళ్ళు రెండో గోల్ కొట్టారో లేదో ఆమె చూసింది. తర్వాత ఎవరడిగినా మాత్రం చెప్పలేకపోయింది.

ఆట అయిపోయాక లేచి టీవీ ఆపింది. మెడ దగ్గర రెండు వేళ్ళు పెట్టి చూసింది. కళ్ళు మూసింది. తన తలకు కట్టుకునే రుమాలు తీసి గదవ కింద నుంచి నడినెత్తికి కట్టింది. దిండ్లు ఒక్కొక్కటే తీసి వీపును మంచం మీద ఆనించింది. చేతులు పొట్ట మీద కలిపి పెట్టింది. వార్డులో ఎవరికైనా ఇట్లా చేసేటప్పుడు మెల్లగా ఒక ప్రార్థన అంటుంది. ఇప్పుడు ప్రార్థన రాలేదు.

"గాడ్ది," అంది. "అన్నీ నాకంటె ముందే నీకు. సెలక్షన్ నీకే ముందు. గోల్ నీకే ముందు కనబడాలె. పోవుడు సుత ముందేనా? మ్యాచ్ అయినంక పోదామన్ననా లేదా? అన్ననా లేదా నేను?"

తలుపు తీసి వసుధను పిలిచింది. వసుధ మెట్లెక్కి వచ్చి చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. కింద రంద చప్పుడు ఆగిపోయింది. మెట్ల మీద బ్రహ్మచారి అడుగులు వినిపించాయి. వాళ్ళిద్దరూ మంచం మీద పడి ఏడుస్తుంటే మేబెల్ గోడకు ఆనుకుని నిలబడింది. ఏడుపు రాలేదు.

ఫోను మోగింది. ఆషర్.

"మమ్మీ, సారీ. డాడీ సుత నన్నే తిట్టిండు. డిష్ ఆయనకు ఫోన్ చేసిన. రేపు ఒచ్చి మళ్ళ పెడ్తనన్నడు. పెట్టమని చెప్పాల్నా?"

"ఒద్దు."

"కోపం మీద అంటున్నవా?"

"కోపమే. అయినా ఒద్దు. కల్పలత పోయింది రా."

"ఎవరు? ఆ ఫోన్ ఆంటీనా?"

మేబెల్ కళ్ళు మూసుకుని తెరిచింది. "ఆఁ. ఆ ఫోన్ ఆంటీనే."

ఆషర్ చాలా మెల్లగా, "మరి డిష్..." అన్నాడు.

"ఒద్దన్న గద. ఇంక ఎంత లేటుగ ఒచ్చినా నడుస్తది నాకు," అని ఫోను పెట్టేసింది.

కింద సందులో ఎవరో అప్పుడే షామియానా వాళ్ళకు కబురు చెప్పమంటున్నారు. వసుధ మంచం పక్కన సామాన్లు జరిపి, చాప పరచడానికి చోటు చేస్తోంది. మందుల డబ్బా తీసింది, నీళ్ళ సీసా తీసింది, దుప్పటి మీది తొక్కలు దులిపింది. పళ్ళెం మీద చెయ్యి వేయబోతే మేబెల్ "దాన్ని ముట్టకు" అంది.

స్టీలు పళ్ళెంలో, పీచంతా గిల్లి శుభ్రంగా పెట్టిన సగం బత్తాయి, ఒక్క తొన కూడా విడివడకుండా, ఫ్యాను గాలికి పైపొర ఎండుతూ ఉంది.